మూడో కాపీ

మన కాలనీ గ్రూపులో నేను రోజూ ఏదో ఒకటి పెడుతూనే ఉంటాను. పాత ఆవిరింజను ఫోటో, గోల్ బజార్ పకోడీ పొట్లం, మోకాళ్ల నొప్పికి చిట్కా. ఇవాళ పెట్టేది అలాంటిది కాదు. కొంచెం పొడుగు. తెలుగు చదవడం రాయడం నేను నలభై దాటాక ఈ ఫోనులోనే నేర్చుకున్నాను కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. ఇంట్లో వయసు పిల్లలున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మా అప్ప, అంటే మా అక్క, గంగాభవాని మనవరాలు రాధ పలాస నుంచి సెలవలకి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. పోయినసారి వచ్చినప్పుడు ఇల్లంతా తిరుగుతూ వాగేది. ఈసారి గోడవార కూర్చుని ఫోను బోర్లా పెట్టుకుంటుంది. అది టింగ్ మన్నప్పుడల్లా రెండు భుజాలూ పైకి లాక్కుంటుంది, వెనకనుంచి ఎవరో కొట్టబోతున్నట్టు. "ఏటమ్మా అయింది?" అంటే "ఏం లేదు తాతా" అని నవ్వుతుంది. మూతి నవ్వుతుంది గానీ చూపు ఫోను మీదే.

అలా భుజాలు లాక్కోవడం నాకు తెలుసు. 1988లో నేనూ అలాగే తిరిగాను.

అప్పుడు నాకు పధ్నాలుగేళ్లు. మథురాకాటి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న తవిటయ్య గూడ్స్ డ్రైవరు. అమ్మ సింహాచలమ్మకి చదువు లేదు. నేను రైల్వే స్కూల్లో హిందీ మీడియం. తెలుగు మాట్లాడతాను, పోట్లాడతాను, చదవడం మాత్రం రాదు. తెలుగు నేల కాదు కదా ఇది, మా వీధిలో సగం పిల్లలం అంతే. ఇంట్లో తెలుగు చదవగలిగింది అప్ప ఒక్కతే. మా అమ్మమ్మ గారి ఊళ్లో ఉండి చదువుకుంది. దానికి పెళ్లయి పలాస వెళ్లిపోయాక ఉత్తరాలు రాసేవాళ్లే లేకుండా పోయారు.

అందుకని అమ్మ క్యాసెట్‌లో మాట్లాడేది. టేప్ రికార్డరు ముందు పీట వేసుకుని, తలకి కొంగు సర్దుకుని, "ఒలేయ్ గంగా, బాగున్నావేటే" అని మొదలెట్టేది. ఆ క్యాసెట్ నాన్న స్నేహితుల చేతిలో పెడితే ఇక్కణ్ణుంచి భద్రక్ దాకా ఒక డ్రైవరు, అక్కణ్ణుంచి ఖుర్దా దాకా ఇంకొకరు, తరువాత పలాస దాకా మరొకరు, బండి మారినప్పుడల్లా చెయ్యి మారుతూ మూడో రోజుకి అప్ప ఇంటికి చేరేది. అప్ప విని, దాని మీదే తన మాటలు నింపి పంపేది. మళ్లీ అమ్మ దాని మీదే. ఒకటే క్యాసెట్, వెళ్తూ వస్తూ. దారిలో ఒక్కరు కూడా దాన్ని వేసి వినలేదు. వినాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చి ఉండదు.

ఆ ఏడాది ఫాల్గుణంలో అమ్మ ఆ క్యాసెట్‌లో ఒక మాట చెప్పింది.

నాన్న కంట్లో పొర వస్తోంది. దూరం సిగ్నలు ఆయనకి ఒక వెలుగు ముద్దలా కనిపిస్తోందే తప్ప రంగు తేలడం లేదు. ఇంజిన్లో ఒక పద్ధతి ఉంటుంది. సిగ్నలు కనపడగానే అసిస్టెంటు పైకి అరిచి చెప్పాలి, డ్రైవరు తనూ చూసి అదే మాట తిరిగి అనాలి. ఇద్దరు చూస్తే తప్పు జరగదని. నాన్న అసిస్టెంటు సూసన్న. సూసన్న "గ్రీన్" అంటే నాన్న "గ్రీన్" అనేవాడు. చూసి కాదు, విని. ఆర్నెల్లుగా బండి అలాగే నడుస్తోంది.

రైల్వే ఆస్పత్రిలో కళ్ల పరీక్ష దగ్గరకొచ్చింది, ఒక మంగళవారం. అందులో తప్పితే ఇంజిన్ మీంచి దించేస్తారు. సూసన్న ఆస్పత్రికి వెళ్లినప్పుడు గోడ మీది బోర్డులో అక్షరాలన్నీ కాగితం మీద రాసుకొచ్చాడు. రోజూ సాయంత్రం నేను ఒక్కో వరసా చదివేవాణ్ణి, నాన్న బట్టీ పట్టేవాడు. "ఎఫ్, పి. టి, ఓ, జెడ్." నాకు భలే గొప్పగా ఉండేది, నాన్నకి నేను పంతులునని.

ఈ సంగతంతా అమ్మ అప్పకి చెప్పింది. "ఎవులితోనూ అనకే. దేవుడి దయవల్ల మీ నాన్న ఆ మంగళారం గట్టెక్కితే సింహాచలం వస్తానని మొక్కుకున్నాను" అంది.

అదే వారం మాతా పూజకి కమిటీ వాళ్లు మైకులో వెయ్యడానికి అమ్మవారి పాటల క్యాసెట్ అడిగారు. మా ఇంట్లో ఒకటుంది. అమ్మ పొయ్యి దగ్గర నుంచే కేకేసింది. "ఒరే కొండా, పాటలది హరనాథ్‌కిచ్చీ. ఉత్తరం భద్రక్ బండి కెళ్లే గార్డుకిచ్చీ." బల్ల మీద రెండూ ఉన్నాయి. రెండింటికీ పసుపు అట్ట, రెండింటి మీదా అప్ప ఎర్ర సిరాతో తెలుగులో రాసింది. ఒక దాని మీద 'అమ్మవారి పాటలు', ఇంకో దాని మీద 'అమ్మ ఉత్తరం' అని రాసి ఉండేదని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు నాకు రెండూ ఒకేలాంటి గుండ్రటి గీతలు. అమ్మకి చదువు రాకపోయినా ఏది ఎటు పెట్టిందో గుర్తుంటుంది. కానీ అడిగితే నవ్వుతుంది, "తెలుగోడివై పుట్టి ఏటిరా ఇది" అంటుంది. అడగలేదు. ఒకటి ఇటిచ్చాను, ఒకటి అటిచ్చాను.

హరనాథ్ నాకంటే మూడేళ్లు పెద్ద, అన్న అనడానికి ఇక్కడ దాదా అంటాం. లోకో షెడ్డు హెడ్ క్లర్కు కొడుకు. వాళ్లింట్లో రెండు క్యాసెట్లు పట్టే డెక్కు ఉండేది. పండగ మైకు సెట్టు మీద వాడిదే పెత్తనం.

మర్నాడు స్కూలు వెనక నేను నీళ్లు తాగుతుంటే వాడూ, వాడి వెనకే తిరిగే జ్ఞానరత్నమూ వచ్చారు.

"ఏరా కొండా, ఈ రంగేటి?" హరనాథ్ జేబులోంచి రుమాలు తీసి నా ముందు ఊపాడు.

"ఎరుపు."

"ఆహా, నీకు అగుపడతందన్నమాట. మరి మీ నాన్నకో?"

నోట్లో నీళ్లు నేల మీద ఊసేశాను. జ్ఞానరత్నం కిసుక్కుమన్నాడు.

"మీ అమ్మ బలే మాటాడతాదిరా," అన్నాడు హరనాథ్. "ఎఫ్, పి. టి, ఓ, జెడ్."

"దాదా, క్యాసెట్ ఇచ్చీ దాదా. నీ కాళ్లు పట్టుకుంతాను."

"ఇదిగో, తీస్కో." నిజంగానే చేతిలో పెట్టాడు. నేను దాన్ని చొక్కా లోపలికి దోపుకునేదాకా ఆగి అన్నాడు. "మూడు కాపీలు తీసినాను. ఒకటి నా దగ్గరుంది. ఒకటి ఈడి దగ్గరుంది. మూడోది ఎక్కడుందో నీకు సెప్పను."

ఆ మూడోది నన్ను చంపింది. రెండు దొంగిలించొచ్చు, రెండు పగలగొట్టొచ్చు. మూడోది ఎక్కడుందో తెలియకపోతే అది ప్రతి ఇంట్లోనూ ఉన్నట్టే. చింతపండు కొట్టువాడు నన్ను చూసి నవ్వితే వాడి దగ్గరుందేమో అనుకునేవాణ్ణి. హిందీ మాస్టారు పేరు పెట్టి పిలిస్తే ముందు తలుపు వైపు చూసేవాణ్ణి. అన్నం సగంలో వదిలి లేచేవాణ్ణి. అమ్మ దిష్టి తీసింది.

వాళ్లు డబ్బులేం అడగలేదు. అడిగితే బాగుండు, అదొక లెక్క తీరేది. వాళ్లకి కావలసింది నా మొహం ఎలా మారుతుందో చూడటం. గోల్ బజార్ నడిమధ్యలో గుంజీలు తియ్యమన్నారు, తీశాను. క్లాసులో లేచి నిలబడి కోడిలా కూయమన్నారు, కూశాను. ఎందుకలా చేస్తున్నావని మాస్టారు కొడితే చెప్పలేదు. మా ఇంటికీ కుళాయికీ మధ్య హరనాథ్ వాళ్ల క్వార్టరు. నేను ఆ దారిన వెళ్తే కిటికీలోంచి టేపు ఒక్క ముక్క మోగేది. "ఒలేయ్ గంగా, బాగున్నావేటే." అంతే, టక్కున ఆగేది. అంతకు మించి ఎప్పుడూ వెయ్యలేదు.

ఒకరోజు అమ్మ నాతో పాటు బిందె పట్టుకుని వస్తోంది. కిటికీలోంచి వచ్చింది. "ఒలేయ్ గంగా..."

నా చేతిలో బకెట్టు జారిపోయింది. అమ్మ ఆగి చెవి అటు పెట్టింది.

"అదేటిరా, అచ్చం మీ జోగమ్మత్త గొంతులా ఉంది," అని నవ్వింది. "జోగమ్మ వచ్చిందేటి హరనాథ్ ఇంటికి?"

తన గొంతు తనే పోల్చుకోలేదు. కిటికీ లోపల నుంచి ఇద్దరు నోరు మూసుకుని నవ్వడం నాకు వినిపిస్తోంది. నేను కూడా నవ్వాను, అమ్మ అటు చూడకుండా.

తరువాత అసలు మాట చెప్పారు. ఆదివారం మాతా పూజ. డ్రైవర్ల మీద అధికారి, లోకో ఫోర్‌మన్ వెంకటసుబ్బయ్య గారు వచ్చి కొబ్బరికాయ కొడతారు. కాలనీ అంతా ఉంటుంది. కొబ్బరికాయ పగలగానే పాటకి బదులు మైకులో అమ్మ గొంతు వేస్తామన్నారు. "సెప్పినట్టు ఇంటే ఆలోసిస్తాం" అన్నాడు హరనాథ్.

శుక్రవారం నాడు కొత్త ఆట పెట్టారు. దాని పేరు 'మెడికల్', రైల్వేలో ఆ పరీక్షని అలాగే అంటారు. స్కూలు నుంచి ఇంటికి అడ్డదారి యార్డు పక్క నుంచి, వ్యాగన్లు నిలిపే నాలుగు సైడింగు లైన్లు దాటాలి. నా కళ్లకి హరనాథ్ ఎర్ర రుమాలు కట్టారు.

"నువ్వు డ్రైవర్ తవిటయ్యవి," అన్నాడు. "మేం గ్రీన్ అంటే నడు, రెడ్ అంటే ఆగు. మేం ఏటంటే నువ్వూ అదే అనాలి. రూలు."

"దాదా, వద్దు దాదా. లైన్ల మీద వద్దు."

"మీ నాన్న రోజూ ఆడే ఆటే కదరా. గ్రీన్!"

"గ్రీన్," అన్నాను.

కాలితో వెతుక్కుంటూ మొదటి పట్టా దాటాను. ఎండ కాగి పట్టా చెప్పులోంచి చురుక్కుమంది. కంకర జారుతోంది. "రెడ్!" ఆగాను. నవ్వులు. "గ్రీన్!" రెండో లైను. మూడోది. దూరంగా ఎక్కడో ఇంజిను కూత వినపడింది గానీ అది దూరంలోనే ఉంది. దగ్గర్లో ఏ చప్పుడూ లేదు. కాకులు, అంతే.

"గ్రీన్!"

"గ్రీన్," అన్నాను, నాలుగో లైనులో కాలు పెట్టాను.

"రెడ్! రెడ్ రా! ఒరే కొండా, రెడ్!" అది హరనాథ్ గొంతు కాదు. జ్ఞానరత్నం ఏడుపు గొంతు. ఆగాను. రూలు ప్రకారం "రెడ్" అన్నాను కూడా. ఎవరో చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగారు. కంకర మీద వెల్లకిలా పడ్డాను. మొహం మీద గాలి కొట్టింది, గ్రీజు వాసన. రుమాలు లాక్కుని చూశాను.

ఒంటి వ్యాగను. షంటింగులో ఇంజిను తోసి వదిలేస్తే తనంతట తాను దొర్లుకుంటూ పోతుంది కదా, అదన్నమాట. ఇంజిను లేదు, కూత లేదు. నా కాలికీ దాని చక్రానికీ మధ్య జానెడు కూడా లేదు. అది మెల్లగా వెళ్లిపోయి ఎక్కడో ఇంకో వ్యాగనుకి తగిలి ఢామ్మంది. అప్పుడు వచ్చింది చప్పుడు.

హరనాథ్ లేడు. పరుగెత్తుకుని పోయాడు. జ్ఞానరత్నం నా పక్కనే కూలబడి "సూళ్లేదురా, ఆడు సూళ్లేదు, నేనూ సూళ్లేదు, ఆకరికి సూసినాను" అంటున్నాడు. వాడు జేబులోంచి క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ హరనాథ్ వెనక వాణ్ణి నేను చూడలేదు.

ఇంటికి వచ్చాను. మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. సాయంత్రం నాన్న డ్యూటీ దిగి, పెట్టె కింద పెట్టి, కాళ్లు కడుక్కుని ఎప్పటిలాగే మంచం మీద కూర్చున్నాడు.

"కొండా, కాయితం తేరా. ఇంక నాలుగు రోజులే, మంగళారమే. ఇయ్యాల సిన్న అక్షరాల వరస సూద్దాం."

కాగితం పట్టుకుని నిలబడ్డాను.

"సదవరా."

"నేను సదవను నాన్నా."

"ఏటి?"

"ఇంక సదవను."

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. అప్పుడు మొత్తం చెప్పేశాను. క్యాసెట్ తప్పిచ్చింది, మూడు కాపీలు, గుంజీలు, కుళాయి దారి, మైకు. అమ్మ నేల మీద కూర్చుండిపోయి నోట్లో కొంగు కుక్కుకుంది. నాన్న చెయ్యి లేపాడు, కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను. కొట్టలేదు. నా మోచెయ్యి పట్టుకుని కంటికి దగ్గరగా, చాలా దగ్గరగా తెచ్చి చూశాడు.

"ఇదెక్కడ గీరుకుంది?"

వ్యాగను సంగతి చెప్పాను.

"సప్పుడు నేదా?"

"నేదు నాన్నా. ఆళ్లు గ్రీన్ అన్నారు. నేనూ గ్రీన్ అన్నాను."

నాన్న నా మోచెయ్యి వదిలేశాడు. పక్క క్వార్టర్లో రేడియో వినిపిస్తోంది. చాలా చిన్నగా అడిగాడు.

"ఆ జ్ఞానరత్నం గుంటడు అరవకపోతే?"

నేను గీరుకున్న చోట ఊదుకున్నాను.

"సూసన్నకి ఒక్క నిమిషం కునుకు పడితే నాకెవుడు అరుస్తాడు?" అది నన్ను అడగలేదు, గోడనడిగాడు. "ఎనక్కాల గార్డున్నాడు. ముందర గేట్ల కాడ మనుసులుంటారు."

"ఆ మాటలు ఇప్పుడెందుకయ్యా," అమ్మ ఏడుస్తూ అంది. "మంగళారం గట్టెక్కితే సాలు. ఆ గుంటడి నోరు మూయించు ముందు."

"ఎన్ని నోళ్లు మూస్తావే," అన్నాడు నాన్న. కాగితం నా చేతిలోంచి తీసుకుని పొయ్యిలో పెట్టాడు.

శనివారం పొద్దున్నే యూనిఫారం వేసుకుని వెంకటసుబ్బయ్య గారి దగ్గరికి వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. లోపల నాన్న ఒకటే మాట చెప్పాడు. "సార్, నాకు సిగ్నలు అగుపడతం నేదు. దిగిపోతన్నాను." ఫోర్‌మన్ గారు అరిచారు. ఇన్నాళ్లు ఎందుకు దాచావన్నారు, ఏమైనా జరిగి ఉంటే ఎవరిది పూచీ అన్నారు. నాన్నని కూర్చోమనలేదు. సూసన్నకి కూడా సంజాయిషీ కాగితం వెళ్లింది. ఆ కుటుంబం మాతో రెండేళ్లు మాట్లాడలేదు. వాళ్ల తప్పు లేదు.

ఆదివారం వచ్చింది. ఈ సంగతి హరనాథ్‌కి తెలియదు. అమ్మ రానంది. నాన్న బలవంతాన తీసుకొచ్చాడు. నేను వాళ్లిద్దరి మధ్యా నిలబడ్డాను. భయం పోయిందనుకున్నారా? పోలేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కొబ్బరికాయ పగిలింది. పందిరి గుంజకి కట్టిన మైకు గరగరమంది.

"ఒలేయ్ గంగా, బాగున్నావేటే. మీ అత్త బాగుందా..."

మూడు వందల మంది. ముందు ఎవరికీ అర్థం కాలేదు, పాట అనుకున్నారు. తరువాత తలలు తిరిగాయి. అమ్మ నా భుజం మీద గోళ్లు దించింది. ఈసారి తన గొంతు తను పోల్చుకుంది. కంట్లో పొర మాట వచ్చింది. సిగ్నలు మాట వచ్చింది. జనం ఫోర్‌మన్ గారి వైపు చూశారు. ఆయన కొబ్బరి చెక్క చేత్తో పట్టుకుని విసుగ్గా అన్నారు. "నాకు తెల్సు. నిన్న అతనే వచ్చి సెప్పినాడు. పాట ఎయ్యండ్రా."

హరనాథ్ మొహం చూశాను. నా మొహం మారుతుందేమోనని వెతుకుతున్నాడు. కంగారులో టేపు ఆపడం మర్చిపోయాడు. అమ్మ గొంతు ఇంకా వస్తూనే ఉంది.

"...మన కొండగాడు పైకి సెప్పడు గాని నీకు బెంగెట్టుకున్నాడే. నువ్వొదిలేసిన పరికిణీ కప్పుకుని పడుకుంటన్నాడు. లాగితే ఏడుస్తాడు..."

పందిరంతా నవ్వింది. ఆడవాళ్లు, పిల్లలు, పూజారి కూడా. నేను నేలలోకి కుంగిపోయాను. వారం రోజులు నన్ను వీధిలో "పరికిణీ" అని పిలిచారు. వారం తరువాత మర్చిపోయారు. అందరికంటే గట్టిగా నవ్వింది నాన్నే. నవ్వుతూ నవ్వుతూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

నాన్నని ఆపైన వర్క్‌షాప్ గేటు దగ్గర పనివాళ్లకి హాజరు టోకెన్లు అందించే పనిలో వేశారు. వేళ్లతో తడిమి నంబరు చెప్పేవాడు. సంతోషంగా ఉన్నాడని అబద్ధం చెప్పను. గూడ్సు కూత వినపడితే తల ఎత్తేవాడు.

హరనాథ్ ఇప్పుడు రిటైరయ్యే వయసుకి దగ్గరపడ్డాడు, సుభాష్‌పల్లిలో ఇల్లు కట్టాడు. ఈ గ్రూపులోనే ఉన్నాడు, నా పకోడీ ఫోటోలకి బొటనవేలు కొడతాడు. హరనాథ్ దాదా, ఇది చదువుతున్నావని తెలుసు. నాకిచ్చిన అసలుది అప్పుడే పొయ్యిలో వేశాం. జ్ఞానరత్నం ఇచ్చింది కూడా. మైకులో వేసినదాన్ని మా నాన్న తొక్కేశాడు. మూడోది ఎక్కడుందో నువ్వు ఇప్పటికీ చెప్పలేదు. దానికోసం చాలా ఏళ్లు భయపడ్డాను. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆమె గొంతు మా ఇంట్లో ఎక్కడా లేదు. ఉంటే ఇచ్చీ. తిట్టను.

ఇదంతా నిన్న మధ్యాహ్నం రాధకి చెప్పాను. అది మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పరికిణీ దగ్గర నవ్వలేదు. అంతా అయ్యాక అంది.

"తాతా, నేను ఒకడికి పంపిన వాయిస్ మెసేజ్‌లున్నాయి. రోజూ ఒక ముక్క పంపిస్తున్నాడు, క్లాస్ గ్రూపులో పెడతానని. ఎన్ని కాపీలున్నాయో నాకు తెలీదు."

"నాకూ తెల్దమ్మా," అన్నాను. "మీ అమ్మకి ఫోన్ సేద్దాం. నువ్వు సెప్పలేకపోతే నేను సెప్తాను. సెలవలవగానే మీ కాలేజీకి నేనొస్తాను."

"అమ్మ తిడుతుంది."

"తిడతాది. మా అమ్మా ఏడిసింది."

ఫోను తీసి నా మోకాలి మీద పెట్టింది. కళ్లజోడు వెతుక్కున్నాను. ఎందుకు దాచాలి. యాభై దాటినవాణ్ణి, పలాసలో ఉన్న ఎవరో పద్దెనిమిదేళ్ల కుర్రాడికి భయపడ్డాను.

టింగ్ మంది. రాధ భుజాలు పైకి లేచాయి. ఈసారి ఫోను నా చేతిలో ఉంది.